ఆ మాట అనకూడని షెడ్డు

పాత ఆయుధాల డిపో ఇప్పుడు మ్యూజియం అయింది. రేపటి నుంచి వచ్చినవాళ్ళకు దాన్ని తిప్పి చూపించే పని మనవరాలిది. ఆమె పాఠం ఒప్పజెబుతుంటే, ఒకప్పుడు అక్కడే తూటాల పెట్టెలు సర్దిన అమ్మమ్మ మధ్యలో ఆపింది.

"ఆగవే. ఇలా దగ్గరికొచ్చి కూర్చో. ఏదీ, ఆ ముక్క మళ్ళీ చెప్పు."

"‘ఈ షెడ్డు పనివాళ్ళ అజాగ్రత్త వల్ల పేలిపోయింది’ అని రాసిచ్చారు అమ్మమ్మా."

"అజాగ్రత్తా! తుమ్మొస్తే పెట్టె కింద పెట్టి తుమ్మేవాళ్ళమే మేము. మా మేస్త్రీ అయితే ‘పేలు’ అన్న మాటే అననిచ్చేవాడు కాదు. అపశకునమట."

"మరి తలలో పేలుంటే?"

"అదేగా మా సరదా! ఆయన అటు తిరగ్గానే ఎవత్తో ఒకత్తి తల గోక్కుంటూ ‘అమ్మో, పేలు!’ అనేది. కడుపు చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం."

"బాగుంది మీ వేళాకోళం! తర్వాత?"

"ఓ రోజు ఓ పెట్టెలోంచి పొగొచ్చింది. చూసింది మా జట్టులో పొడుగక్క ఒక్కతే. ‘పేలుతోంది’ అనబోయింది పాపం. ‘పేలు, పేలు’ దగ్గరే ఆగిపోయింది."

"అయ్యో! అందరూ..."

"పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. గుమ్మం దగ్గరున్నానేమో, నా జడ పట్టుకుని బయటికి ఈడ్చి పడేసింది. మిగతావాళ్ళ కోసం మళ్ళీ లోపలికెళ్ళింది, ఆ వెళ్ళడమే."

మనవరాలు చేతిలో కాగితం మడిచేసింది.

"రేపు ఏం చెప్పమంటావు?"

"అజాగ్రత్త అన్న మాట నీ నోట రానీకు. వాళ్ళు నవ్వుతూనే పోయారని చెప్పు తల్లీ. విన్నవాళ్ళని ఇంకొకరికి చెప్పమను."