తాంబూలంలో పెట్టిన ఫీజు

"గెలిచిన కేసుకి మిషను ఎందుకు పోయింది తాతా" అంటావా పాపా? యాడ మొదలుపెట్టేది... కూర్చో. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, చెవిలో ఒకటే మోత.

ముదలియార్‌పేటలో మన పంచింగ్ షాపు ఉండె కదా, అట్ట కోసే మిషను ఒకటి పెట్టుకొని స్వీట్ల అంగళ్ళకి పెట్టెలు చేస్తా ఉంటిమి. టీ రూపాయి అప్పుడు. కాదు కాదు, అర్ధరూపాయి. రూపాయి అయింది మీ నాయన పెండ్లప్పుడు. సరి, అది వదులు. ఒక యాపారి దుడ్డంతా ముందే తీసుకొని ఒక లోడు అట్ట తోలినాడు. విప్పి చూస్తే లోపలంతా చెమ్మ. మడిస్తే పొరలు పొరలుగా ఊడొస్తాది. మార్చియ్యప్పా అంటే, పో, చేసుకునేది చేసుకో అన్నాడు. కోర్టుకి పోతిమి.

వక్కీలు మంచోడే, పాపం. మనోళ్ళ అలవాటు తెలుసు కదా, పెద్దోళ్ళకి దుడ్డు ఉత్తచేత్తో ఇయ్యం. తట్టలో ఆకు, వక్క, రెండు అరటిపండ్లు, కింద దుడ్డు కవరు. మీ అవ్వ సర్దిస్తాది, నేను పట్టుకుపోతా. దానికి దుడ్డు ముట్టిందని చీటీ అడిగేదా? అడిగితే బాగుంటాదా, నువ్వే చెప్పు. అట్లా పద్నాలుగు తూర్లు పోయింది తట్ట. ఆఖరికి చేతిలో ఏమీ లేక, మిషను సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీ ఆయన దగ్గర కుదవ పెట్టేస్తిని. "తీర్పు వచ్చినాక నా దుడ్డు నాకియ్యి, నీ మిషను నువ్వు తీసుకో" అన్నాడాయన. మాటంటే మాటే ఆయనకి.

తీర్పుకి ముందు జడ్జి నన్నే అడిగినాడు. "ఆయన వల్లనే కదా నువ్వు కోర్టుకి వచ్చింది, నీ వక్కీలు ఖర్చు కూడా నీకు నష్టమే. ఎంత ఇచ్చినావు? చీటీ ఉండాదా?" అని. వక్కీలు నా పక్కనే నిలబడుండాడు. ఆయన ముందర ఆయనకిచ్చింది లెక్క చెప్పేదానికి నాకు నోరెట్లా వస్తాది? "అయ్యో, ఆయన ఏమీ అడగలేదు సార్, నేనే ఇష్టపడి ఏదో ఆకూవక్కా పెట్టినా" అనేస్తిని. మర్యాదకి అన్నానమ్మా! వక్కీలు తల పట్టుకున్నాడు. జడ్జి అట్లే రాసుకున్నాడు.

గెలిచినాం. అట్ట దుడ్డు వచ్చె, వడ్డీ వచ్చె, అప్పులోళ్ళకి సరిపోయె. వక్కీలు ఖర్చు మాత్రం ఒక్క పైసా రాలా. ఇంక మిషను యాడొస్తాది? మీ అవ్వకి నా మీద కోపం వచ్చె. నాకూ నా మీదే కోపం, ఇంకెవరి మీదా లేదు.

ఆపైన అదే ఫ్యాక్టరీలో కూలికి చేరితిని. మొదటి దినం సూపర్‌వైజరు, మీ నాయన కంటే చిన్నోడు, నన్ను తీసుకుపోయి నా మిషను ముందరే నిలబెట్టినాడు. "పెద్దాయనా, ఇది పాత మిషను, చెయ్యి జాగ్రత్త, ఇట్లా పట్టుకోవాల" అని గంటసేపు నేర్పించినాడు. నేను తల ఊపతా ఉంటి. "సరి సార్, సరి సార్" అంటా ఉంటి.

ఏందీ, కండ్లల్లో నీళ్ళు? ఛ, ఊరుకో. చల్లంగా ఉండు తల్లీ... నీకు రావాల్సింది నోరు తెరిచి అడగతా బతుకు.