రక్త పరీక్షలో దొరికిన గొంతు నొప్పి

హలో… జిబెక్? ఆ, నేనే, మీ అత్తని. పెట్టెయ్యకమ్మా… ఒక్క నిమిషం.

నారిన్ ఊరి ఆస్పత్రి నుంచి. వరండాలో ఉన్నా, పిల్ల లోపలుంది… బాగానే— లేదు, బాగా లేదు. నీతో ఇంక అబద్ధమాడను.

ముందిది చెప్పు. బెగైమ్‌కి మూడేళ్లప్పుడు ఏదో సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి చూడు… అది పెన్సిలినా?… గుర్తు తెచ్చుకో తల్లీ, డాక్టరమ్మ నీ మాట కోసమే ఆగింది. నాకేం తెలుసు? అప్పుడు దాన్నెత్తుకుని పరిగెత్తింది నువ్వు.

…కాదా? వేరే మందా?… దాని ఆస్పత్రి కార్డులో రాసుందా? ఫోటో తీసి పంపు… ఆ, ఇప్పుడే.

…కీళ్ల నొప్పులే. మొన్న కుడి మోకాలు, నిన్న ఎడమది, ఇవాళ మోచెయ్యి… చలి కాదే. చలి కానే కాదు. పొట్టి గౌను వేసి చల్లటి రాయి మీద కూర్చోబెట్టావని మొన్న నిన్ను అందరి ముందూ నానా మాటలూ అన్నా. పిల్లని నేను చూసుకుంటా, నువ్వు పుట్టింటికి పో అని వెళ్లగొట్టా. నువ్వు తల వంచుకుని పోయావు…

రక్తం తీశారు. గొంతు పుండు పడితే అదే తర్వాత కీళ్లకి పాకుతుందట, దాని జాడ నెలైనా రక్తంలో ఉంటుందట. రెండొందల లోపు ఉండాలి. దీనికి తొమ్మిదొందలు… ఆ, తొమ్మిది.

…వచ్చింది, జిబెక్. గొంతు నొప్పి వచ్చింది. నెల కిందట, నువ్వు కింద ఊళ్లో ఉన్నప్పుడు, కొండ మీద నా గుడారంలోనే. నాలుగు రోజులు జ్వరం. గొర్రె తోక కొవ్వు కరిగించి వేడి టీలో పోసి తాగించా, అంతే. కిందికి దించలేదు… ఎందుకంటే ఏం చెప్పను? ఆడ గుర్రాలు పాలు ఇస్తున్నాయి, రెండు గంటలకోసారి పితకాలి, ఎవరికొదిలి రాను?… అవును. పిల్ల కంటే గుర్రం పాలే ఎక్కువైపోయాయి నాకు. తిట్టు. ఒక్క మాటైనా తిట్టవే!

డాక్టరమ్మ మూడుసార్లు అడిగింది, గొంతు నొప్పేమైనా వచ్చిందా అని. మూడుసార్లూ లేదన్నా… ఒప్పుకుంటే నీకు తెలిసిపోతుందని. పిల్ల నా మొహం చూసి, అదీ లేదంది. ఏడేళ్ల పిల్ల! ఆ రక్త పరీక్ష కాగితం వచ్చాక ఆవిడ నా ముందు పెట్టి, తొమ్మిదొందల కింద గీత గీసింది. సిగ్గుతో చచ్చిపోయా.

…గుండెలో కొంచెం చప్పుడు వినబడుతోందట. ఇప్పుడు మందు పడితే ముదరకుండా ఆపొచ్చంటున్నారు. ఆ పెన్సిలిన్ సూదే, నెలకోసారి, ఏళ్ల తరబడి… ఏడవకు తల్లీ. ఆ, వచ్చింది ఫోటో. చూపిస్తా.

…బయల్దేరుతున్నావా? మంచిది. ఇదిగో, వచ్చాక కోడలి మర్యాదని గుమ్మంలో నాకు వంగి సలాం చెయ్యకు… కోపం కాదే పిచ్చిదానా. అది అందుకునే మొహం లేదు నాకు. నేరుగా దాని మంచం దగ్గరికి పో. నేనిక్కడే బెంచీ మీద ఉంటా. నువ్వు పిలిస్తేనే లోపలికొస్తా…

పిలుస్తావా?

…జిబెక్?

హలో…