ఎర్ర డబ్బా సీలు

2007లో ఒక ఉదయం. ముప్పై ఏళ్ళుగా తన నోటినే నమ్ముకుని బతికిన రంగనాథన్, తట్టాంచావడిలోని తన పంపు స్పేర్ల అంగడిలో, తమ్ముడి కూతురు కీర్తిక బిగిస్తున్న కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఫ్రీనా? మళ్ళా చెప్పు."

"ఈ కంప్యూటర్ని నడిపే లినక్స్ ఫ్రీ, పెదనాయనా. ఎవురికీ ఏమీ ఇచ్చే పన్లేదు."

"అదే నాకు భయం. నేను ఎవురికి ఏది ఫ్రీగా ఇచ్చినా దాంట్లో ఏదో ఒక లొసుగు ఉండింది."

"లోకమంతా నీ మాదిరే ఉంటాదా?"

"ఉండబట్టే గదా అంగడి జరిగేది! ఈ నల్ల తెర ఏంది? చచ్చిందా?"

"సర్వర్ లేస్తా ఉండాది. ఇంక పేజీ వస్తాది. సామాను పేరు తెలీకపోయినా తెలిసిన మాటల్లో అడగొచ్చు. అర్థం చూసి వెతుకుతాది."

"దానికి నేనుండా గదా. 'గుండ్రంగా ఉంటాదే, నీళ్ళు కారకుండా ఆపుతాదే' అంటారు. సీలు తీసిస్తా."

"ఫ్యాక్టరీకి సామాను కొనే చెల్లప్పన్ మామకి ఇది నచ్చితేనే వాళ్ళ సంవత్సరం ఆర్డరు మనకు."

"నచ్చకపోతే గోరిమేడులో కొత్తగా అంగడి తెరిచినోడికి పోతాది. తెలుసులే. అందుకే గదా నాలుగు దినాలు గొంతు పోయేదాకా నీకు చెప్పింది, ఏది దేనికి, దేనికి బదులు ఏది అని. నా పెండ్లానికి గూడా అంత నిజం చెప్పలే. మిషనే గదా, దాని దగ్గర దాచేదేముండాది?"

"ఒక్క మాట వదలకుండా ఎక్కించినా."

"ఒక్క మాటా?"

"వదిలితే దానికి అర్థం ఎట్లా తెలుస్తాది?"

"పాపా... ఎర్ర డబ్బా సంగతి గూడానా?"

"ఎర్ర డబ్బా..."

"ఏం రంగనాథన్నా, కాఫీ లేదా?"

"రా చెల్లప్పా, రా! పాపా, కరెంటు తీసేయ్."

"ఎందుకు తీసేయాల? చూసేదానికే గదా వచ్చినా. జరుగు. ఏం కొట్టాల, కీర్తికా?"

"ఇంగ్లీషు అక్షరాల్లో, మనం మాట్లాడే మాదిరే కొట్టండి మామా."

"'పెద్ద పంపుకు... నీళ్ళు కారకుండా... మంచిది.' అబ్బ, వచ్చేసిందే! ఎర్ర డబ్బా సీలు. దాని కింద నీలం డబ్బా సీలు."

"అంతే, చాలు. ఇంక కింద చదవబాక చెల్లప్పా, కండ్లకు మంచిది కాదు."

"'రెండూ ఒకటే సరుకు. డబ్బాలే వేరే. ఎర్రది ఫారిన్ అంటే చెల్లప్పన్ నమ్ముతాడు.'"

"అది... ఏంది పాపా దాని పేరు... ప్రోటోటైపు! తప్పులుంటాయి గదా?"

"తప్పేమీ లేదే పెదనాయనా. నువ్వు చెప్పిందే."

"చూడు చెల్లప్పా, నేను ఎత్తి పెంచిన పిల్ల!"

"పదేండ్లన్నా. పదేండ్లు ఎక్కువ రేటు పెట్టి ఎర్రదే కొన్నా."

"ముప్పై ఏండ్లు జాగర్తగా ఆడిన నోరు, ఒక పెట్టె ముందర అంతా కక్కేసింది. ఈ ఊర్లో నా అంత పిచ్చోడు ఇంకొకడే ఉండాడు, ఎర్ర డబ్బా కొన్నోడు. ఆర్డరు లేదని చెప్పేసెయ్, పని అయిపోతాది."

"ఆర్డరు నీకే. కానీ ఇంకమీద నేను అడిగేది ఈ పెట్టెని. నువ్వు పక్కన కూర్చో, నోరు తెరవబాక."