నేను కత్తిరించిన వరుస

ఈ సభను నడిపిస్తున్న పెద్ద డాక్టరుగారికి, నాకంటే ముందే రిటైరైనా నా కోసం మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి వచ్చిన మా హెడ్ నర్సు అక్కకు, నేనెక్కడ నోరు జారతానో అని ముందు కుర్చీలోంచి కాపలా కాస్తున్న మా ఆవిడకు, మిత్రులందరికీ నమస్కారం.

ముప్పై ఒక్కేళ్లు ఈ ఆసుపత్రి గణాంకాలు చూశాను. ఇందాక మాట్లాడినవాళ్లు నేను ఒక్క తప్పూ చేయలేదన్నారు. అది విని అక్క దగ్గింది. (నవ్వులు) ఆ దగ్గు సంగతి చెప్పే వెళ్తాను.

నేను చేరిన రెండో ఏడు ఆపరేషన్ గాయాలకు కొత్తరకం కట్టు వచ్చింది. చీటీలు తీసి, రెండు వందల మందికి పాతది, రెండు వందల మందికి కొత్తది వేశాం. పాతదానితో ఇరవై నాలుగు గాయాలు చీము పట్టాయి, కొత్తదానితో పద్నాలుగు. రెండు కట్లూ ఒకటే అయినా ఇంత తేడా, ఇంతకు మించిన తేడా ఊరికే కనబడే అవకాశం నూటికి తొమ్మిది పాళ్లని లెక్క తేలింది. అయిదులోపు వస్తేనే తేడా ఉందనడం మా ఆనవాయితీ. డాక్టరుగారికి పొడుగు కాగితాలు గిట్టవు కనుక, ఒక్క పేజీలో ఇమిడ్చే తొందరలో, అసలు తేడా ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే విశ్వాసాంతరం వరుసను కత్తిరించి, ‘రెండు కట్లకూ తేడా లేదు’ అని రాసి సంతకం పెట్టేశాను. కొత్త కట్టు ఆపేయమని ఉత్తర్వు కూడా తయారైంది.

అక్క ఆ పేజీ పట్టుకుని నా గదికి వచ్చి, చీము పట్టినవాళ్లు పదిమంది తగ్గారు కదా అని అడిగింది. అది కాకతాళీయం కావచ్చని నేను గొప్పగా సెలవిచ్చాను.

“కావచ్చు తమ్ముడూ. కాకపోవచ్చు కూడానా?” అంది.

కత్తిరించిన వరుస తీసి చూపించక తప్పలేదు. కొత్తది పిసరంత చెడ్డది కావడం దగ్గర్నుంచి, నూటికి పదిమందిని అదనంగా కాపాడడం దాకా ఏదైనా నిజం కావచ్చంటోంది ఆ వరుస. అందులో తేడా లేదనే సున్నా ఉంది, పదీ ఉంది. నేను సున్నాను మాత్రం చూశాను.

సంతకం పెట్టిన కాగితం తప్పని చెప్పడానికి డాక్టరుగారి గుమ్మం ముందు అరగంట నిలబడ్డాను. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను. ఆయన అంతా విని, “మరి తేలాలంటే ఎంతమంది కావాలి?” అన్నారు. చెరో ఆరువందల మందితో మళ్లీ మొదలుపెట్టించారు. పాత నాలుగు వందల మందినీ కలిపేద్దామని ఆయన ఆశపడితే, వాళ్ల ఫలితం చూశాకే ఇది మొదలెట్టాం కనుక లెక్క ఒకవైపు మొగ్గుతుందని నేను ఒప్పుకోలేదు. అప్పటికి నాకు కాస్త బుద్ధొచ్చింది. (నవ్వులు) ఈసారి చీము పట్టినవి పాతదానితో డెబ్బై రెండు, కొత్తదానితో నలభై రెండు. నూటికి సుమారు ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా మేలు, సున్నా బయటే ఉండిపోయింది. కట్టు అన్ని వార్డులకూ వచ్చింది. నివేదిక మీద మా ఇద్దరి పేర్లే వేసుకున్నాం, అక్క పేరు వేయలేదు. ఆ సిగ్గు నాకింకా ఉంది. డాక్టరుగారూ, ఆ రోజు తిట్టకుండా ప్రశ్న అడిగినందుకు మీకు రుణపడి ఉంటాను.

పోయినేడు మా ఆవిడకు ఇక్కడే ఆపరేషన్ అయింది. ఆ కట్టే వేశారు, గాయం చక్కగా మానింది. కట్టు వల్లేనా అంటే చెప్పలేను. పాతదానితోనూ నూటికి ఎనభై ఎనిమిది మందికి మానేది. ఒక్క మనిషి గురించి నా లెక్కలు నోరు విప్పవు. కానీ తొమ్మిదో రోజు నర్సు ఆ కట్టు విప్పుతుంటే... (ఆగి) కళ్లు మూసుకుని నేను తలుచుకున్నది నిన్నే అక్కా.

అందరికీ కృతజ్ఞతలు. వెళ్లొస్తాను, సెలవు.