కొత్తిమీర లేని గిన్నె

లేదు, మీరేం చెప్పకండి టీచరమ్మా! ముందు బోర్లా పడుకోండి. ఇరవై నిమిషాలు స్నానశాల వేడి తొట్టిలో నానమంటే పది నిమిషాలకే లేచొచ్చేశారు. ఇప్పుడు నేను రుద్దితే మంట అంటారు. వీపు నానకపోతే నేనేం చెయ్యను?

ఆఁ, ఏమంటున్నారు? పెళ్ళిరోజని మీ ఆయన మెక్సికో హోటలుకి తీసుకెళ్ళాడా? వెళ్ళండి, వెళ్ళండి. నాకైతే ఈ తేగూ ఊళ్ళో మన కొరియా తిండి కాని పరదేశీ హోటలు బోర్డు కనిపిస్తే చాలు, రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాను. నవ్వకండి, బల్ల మీంచి జారిపోతారు.

అంతా ఆ హ్వాజా వల్ల. నాతో చదువుకుందిలెండి. హ్వాజా, జంగోక్, నేను. నలభై ఏళ్ళుగా నెలకోసారి కలిసి భోంచేస్తాం. నాకు ఈ స్నానశాలలో సెలవు మంగళవారం కాబట్టి మంగళవారం మధ్యాహ్నమే. హాయిగా పంది పేగులు నిప్పుల మీద కాల్చుకుని, ఉల్లికాడలు నంజుకుని, తలో రెండు గ్లాసుల సోజూ సారా తాగి, మొగుళ్ళని తిట్టుకుని ఇంటికెళ్ళేవాళ్ళం. ఏం తక్కువైంది చెప్పండి?

కూతురు దాన్ని యూరప్ తీసుకెళ్ళింది. పది రోజులు. ఎన్ని? పది! ఆ పది రోజుల్లో దాని నాలుక మారిపోయిందట. వచ్చీ రాగానే, 'ఎన్నాళ్ళే ఈ పేగులు? మనం ప్రపంచాన్ని రుచి చూడాలి' అంది. ప్రపంచమేమో దాని కోసం గిన్నె పట్టుకుని కూర్చున్నట్టు!

మొదట ఇటలీ. నూడుల్స్ సగమే ఉడికాయి. పాపం జంగోక్, 'వెనక్కిచ్చి ఇంకాస్త ఉడికించి తెమ్మందామా?' అంది. 'ష్! పంటికి తగలాలే మొద్దూ, అదే పద్ధతి' అంది హ్వాజా. తగలడానికి పళ్ళుండాలిగా! నావి ఎడమవైపు మూడు కట్టుడువి. నాలుగు ముద్దలకే ఆ మీగడ గొంతులో పేరుకుపోయింది. చివరికి ముగ్గురం దేంతో కడుపు నింపుకున్నామో తెలుసా? పక్కన పెట్టే దోసకాయ ఊరగాయ ముక్కలతో. ఐదుసార్లు అడిగాం. ఐదోసారి ఆ అమ్మాయి గిన్నెతో కాదు, సీసాతోనే తెచ్చి మా మధ్య పెట్టేసి పోయింది.

ఎడమ చెయ్యి పైకెత్తండి. అదీ.

ఆ తర్వాత ఇండియా. నడిపేది మాత్రం నేపాల్ ఆయన. హ్వాజా టీవీలో చూసిందట, వాళ్ళు చేత్తో తింటారని. పట్టు చొక్కా చేతులు పైకి మడిచి, ఎడమ చేత్తో, ఐదు వేళ్ళూ మణికట్టు దాకా కూరలో ముంచింది. పసుపంతా మోచేతి నుంచి కారుతుంటే ఆ నేపాల్ ఆయన గమ్మున వచ్చి చెంచా పెట్టాడు. పెట్టి, అచ్చం మా తేగూ యాసలో, 'పెద్దమ్మా, నేనూ దీంతోనే తింటా, మరేం పర్లేదు' అన్నాడు! జంగోక్ బల్ల కింద డబ్బా తెరిచి ఊరేసిన క్యాబేజీ కిమ్చీ ముక్కలు తింటోంది. ఏ దేశం హోటలుకెళ్ళినా దాని సంచిలో కిమ్చీ డబ్బా ఉంటుంది. మా ముగ్గురిలో తెలివైంది అదే.

వంటకం రాగానే ఎవరూ ముట్టుకోకూడదు, అది ఇంకో రూలు. ముందు హ్వాజా ఫోను తినాలి. పైనుంచొక ఫోటో, పక్కనుంచొకటి. ఈలోపు ఏ దేశం కూడైనా చల్లారి ఒకటే అవుతుంది.

ఇటు తిరగండి. వెల్లకిలా. కళ్ళ మీద ఈ తడి గుడ్డ వేసుకోండి.

ఎక్కడికైనా వస్తా గానీ వియత్నాం వద్దన్నాను. మొదటి నుంచీ అదొక్కటే అడిగాను. ఎందుకంటే... వాళ్ళకి తెలుసు. నా కోడలి సంగతి వాళ్ళకి తెలుసు.

అంటే, నేను చెప్పిన సంగతి తెలుసు.

మీకు తెలీదా, నాకు కోడలుండేదని? ఉండేది. మా అబ్బాయి జొంగ్‌గు కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో చేస్తాడు. ముప్పై అయిదు దాటినా పిల్ల దొరకలేదు. చివరికి వియత్నాం వెళ్ళి పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. ఇక్కడ విందు నేనే పెట్టనివ్వలేదు. నలుగురిలో ఏమని చూపించను? వీళ్ళిద్దరూ మా ఇంటికొస్తే, లోపలి గదిలో ఉండు, బయటికి రాకు అనేదాన్ని. మూడేళ్ళున్నా వీళ్ళు దాని మొహం చూడలేదు.

దాని పేరు నాకు నోరు తిరగలేదు. తిప్పుకోవాలనీ అనిపించలేదు. మన పేరే, మిసూక్ అని పెట్టాను. 'మిసూక్!' అంటే రెండో రోజు నుంచే 'వస్తున్నా అత్తమ్మా' అనేది.

చెడ్డ పిల్లా అంటే... ఏమో. పని బాగా చేసేది. కానీ ఆ కంపు! బాల్కనీలో థర్మాకోల్ పెట్టెలో మట్టి పోసి కొత్తిమీర పెంచింది. అబ్బ! నల్లిని నలిపినట్టుంటుంది నాకు ఆ వాసన. ఒకరోజు అది బజారుకెళ్ళినప్పుడు మొత్తం పీకి పారేసి మిరప నారు పెట్టాను. వాళ్ళమ్మ పార్శిల్లో చేపల ఊట సీసా పంపింది, వాళ్ళ పద్ధతిలో ఊరబెట్టింది. అది మోరీలో పారబోశాను. ఆ పిల్ల పక్కనే నిలబడి చూసింది. బాల్కనీలో నా చేపల ఊట జాడీ కేసి ఒకసారి చూసింది, అంతే. కిమ్చీకి ఏడాదంతా వాడతాంగా, ఆ జాడీ. మరి మనది వాసన కాదు, ఘుమఘుమ!

సరే, పోయిన నెల. హ్వాజా ఊరుకోలేదు. 'ఆరేళ్ళయింది. పారిపోయింది ఒక్క పిల్ల. దేశమంతటి మీదా అలుగుతావటే? సాంగ్‌సో పేటలో వియత్నాం హోటలు ఒకటి పెట్టారు, ఫ్యాక్టరీ వాళ్ళు క్యూ కడుతున్నారట' అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. వెళ్ళాం. బయట పదిమంది ఉన్నారు. బోర్డు మీద 'లియెన్ ఇల్లు' అని ఉంది. 'ఇదేం పేరే, నాలుక మడత పడేలా' అని నేనే ఎగతాళి చేశాను. పెద్దగా. అందరికీ వినబడేలా.

కొంచెం నొప్పి ఉంటుంది, ఇక్కడ మట్టి బాగా పేరుకుంది. ఓర్చుకోండి.

లోపల కూర్చున్నాం. జంగోక్ అలవాటుగా కిమ్చీ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. ముగ్గురం ఎముకల పులుసులో బియ్యపు నూడుల్స్ చెప్పాం. వచ్చాయి. వాళ్ళిద్దరి గిన్నెల మీద కొత్తిమీర గుట్టగా ఉంది. నా గిన్నె మీద ఒక్క ఆకు లేదు. ఉల్లికాడలు మాత్రమే, సన్నగా, ఏటవాలుగా తరిగి. నేను తరిగించే పద్ధతిలో.

'అదేంటి, నువ్వింకా వద్దననే లేదుగా?' అంది హ్వాజా.

నేను అప్పుడు తలెత్తాను టీచరమ్మా.

జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. కాస్త ఒళ్ళు చేసింది. నడుముకి నల్ల ఏప్రన్. నా వైపు చూడకుండానే హ్వాజాతో అంది, 'ఆ వయసు పెద్దవాళ్ళు చాలామంది కొత్తిమీర తినరండీ. ఊహించి వేయలేదు.' యాస చూడాలి మీరు! మా వీధిలో పుట్టిన పిల్లలా ఉంది. ఎవరి దగ్గర నేర్చుకుందో తెలుసుగా. నా తిట్లలోంచే నేర్చుకుంది.

పులుసు తాగాను. ఏం చెప్పను... బాగుంది. నా ఒంట్లో బాగాలేదని ఒకసారి అది ఇలాంటిదే కాచి ఇస్తే, మూతి తిప్పుకుని సింకులో పోశాను. జంగోక్ డబ్బా మూత కూడా తీయలేదు! కిమ్చీ లేకుండా అది గిన్నె ఖాళీ చెయ్యడం నలభై ఏళ్ళలో అదే మొదలు.

ఇక హ్వాజా ఆగుతుందా? కడుపు నిండితే దానికి ప్రపంచం మీద ప్రేమ పొంగుకొస్తుంది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. 'అమ్మాయ్, ఎంత బాగా చేశావ్! మా పిల్‌నమ్ ఉందే, దీని కోడలు కూడా మీ దేశం పిల్లే తెలుసా?' అని నా భుజం తట్టింది. 'పెళ్ళి ఉంగరంతో సహా ఉడాయించింది. నీలాంటి మంచి పిల్ల దొరికుంటే దీని బతుకే వేరుగా ఉండేది!'

మీ కాళ్ళెందుకు బిగపట్టారు? వదులుగా పెట్టండి.

ఆ పిల్ల నా వైపు తిరిగింది. మొదటిసారి. ఏడవలేదు, కోపం లేదు. అదేదో వాతావరణం అడుగుతున్నట్టు అడిగింది. 'అయ్యో పాపం. మరి ఆ ఉంగరం దొరికిందా అమ్మగారూ?'

'లేదు' అన్నాను.

అంటే... చూడండి, గుడ్డ తీయకండి. కళ్ళు మూసుకునే వినండి. ఆ ఉంగరం మా బియ్యం డబ్బా అడుగున ఉంది. ఆరేళ్ళుగా. దాని వేలి నుంచి నేనే తీయించాను. మూడేళ్ళైనా కడుపు పండలేదు కదా, ఇంకా ఎన్నాళ్ళు అనుకున్నాను. మా వాడు పని నేర్చుకోవడానికని నాలుగు రోజులు ఉల్సాన్ ఊరు వెళ్ళాడు. పొద్దున్నే దాని సంచి సర్ది గుమ్మం బయట పెట్టాను. 'వాడే పంపేయమన్నాడు. మొహం మీద చెప్పలేక వెళ్ళిపోయాడు' అన్నాను. ఆ పిల్ల చెప్పులు వేసుకుంటూ, 'ఆయన నోటితో ఒక్క మాట వినొచ్చా అత్తమ్మా?' అంది. 'ఫోను ఎత్తడు' అన్నాను. నిజంగానే నా ఫోనులోంచి రెండుసార్లు చేసింది, దానిది అప్పటికే లాక్కున్నాను. డ్యూటీలో ఫోను లాకర్లో పెట్టాలిగా వాళ్ళు. ఎత్తలేదు.

వాడొచ్చాక పారిపోయిందని చెప్పాను. నంబరు మార్చేసిందన్నాను, వాడి ఫోనులోంచి దాని నంబరు తీసేసింది నేనే. నెల రోజులు బస్టాండ్ల వెంట తిరిగాడు నా కొడుకు. నేను వాడికి అన్నం పెట్టి, 'చూశావా, వాళ్ళింతే' అన్నాను.

ఎక్కడ ఆగాను? ఆఁ. వాళ్ళిద్దరూ ఫోటోలకి బయటికెళ్ళారు. నేను గల్లా దగ్గర దానితో ఒక్కదాన్నే నిలబడ్డాను. ఏమన్నానో తెలుసా, దానికంత అన్యాయం చేసిన నేను? 'ఈ ఊరు తప్ప ఇంకెక్కడా చోటు దొరకలేదా నీకు?' అన్నాను. నా నోటికి అదే వచ్చింది!

అది రశీదు చింపి నా చేతిలో పెట్టింది. 'మెట్టు దగ్గర తడి ఉంది, చూసుకోండి' అంది.

పోయిన మంగళవారం ఒక్కదాన్నే వెళ్ళాను. ఉంగరం చేతిరుమాల్లో చుట్టుకుని. మధ్యాహ్నం, ఒకటే రద్దీ. పులుసు తాగేశాక కూడా అలాగే కూర్చున్నాను. ఆఖరికి అది ఇటొస్తే బల్ల మీద పెట్టి విప్పాను. నా అంతట నేనే, 'వాడికేం తెలీదు. అంతా నేనే' అన్నాను. మొదటిసారి లియెన్ అని దాని అసలు పేరు పెట్టి పిలిచాను. సరిగ్గా రాలేదనుకోండి.

ఆ పిల్ల ఏదో అంటుందనుకున్నాను. తిట్టు అయినా సరే. ఖాళీ గిన్నె తీసుకుని, గుడ్డతో ఉంగరం చుట్టూ బల్ల తుడిచింది. చుట్టూ! 'బయట జనం నిలబడ్డారు పెద్దమ్మా, చోటు ఖాళీ చేస్తారా?' అంది.

అత్తమ్మా కాదు. పెద్దమ్మా.

లేచొచ్చేశాను. ఉంగరం మళ్ళీ బియ్యం డబ్బాలోకే.

మా వాడికా? చెప్పలేదు. నలభై నాలుగేళ్ళొచ్చాయి, నాతోనే భోంచేస్తాడు, నేను వండిందే. చెబితే ఆ చెంచా కింద పెట్టి, చెప్పులేసుకుని సాంగ్‌సో వెళ్తాడు. వెళ్ళి ఏమవుతుందో నాకు తెలీదు. కానీ ఇటు మాత్రం రాడు. అది తెలుసు.

మీకెందుకు చెప్పానంటారా? వచ్చే వారం మీకు పోహాంగ్ బదిలీ అయిందని అద్దాల దగ్గర అనుకుంటుంటే విన్నాను. అక్కడ మీ ఒళ్ళు ఇంకెవరో రుద్దుతారు.

ఈ మంగళవారం మళ్ళీ అక్కడే. హ్వాజా అప్పుడే మూడు కుర్చీలు చెప్పి పెట్టింది. ప్రపంచమంతా తిరిగి దానికి చివరికి నచ్చింది ఆ హోటలే! వెళ్తాను. వాళ్ళ మధ్య కూర్చుంటాను. అది మళ్ళీ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, నా దొంగ కోడలి కథ ఇంకో రెండు మాటలు కలిపి చెబుతుంది. నేను పక్కనే ఉంటాను.

నోరు తెరుస్తానా? తెరుస్తాను టీచరమ్మా. పులుసు తాగడానికి.