శింగనమల చెరువు తాగిన పుట్టగొడుగు

రాత్రంతా వాన దంచికొట్టింది. తెల్లారేసరికి చేన్లన్నీ బురద. నేల కాస్త ఆరేదాకా విత్తనం వేసే పని లేదు కాబట్టి బత్తలపల్లె క్రాసులో గంగక్క టీ అంగడి ముందర మగోళ్ళంతా తీరిగ్గా కూర్చున్నారు. చాన్నాళ్ళకు వాన చూసిన మొహాలు. అట్లాంటి పొద్దు శ్రీరంగప్ప నోరు ఊరికే ఉండదు.

ఈ వానకు పుట్టగొడుగులు లేస్తాయని ఎవరో అన్నారు. శ్రీరంగప్ప గ్లాసు కింద పెట్టినాడు.

"గొడుగుల సంగతి నన్నడగాల. పోయిన పెద్దవానప్పుడు కొండ వెనక్కి పోయినా. ఒక పుట్ట మీద గుప్పెడు లేచిండాయి, తెల్లగా, మల్లెమొగ్గల మాదిరి. టవల్లో ఏసుకున్నా."

ఇంతవరకు ఎవరూ కాదనలేదు. గుప్పెడు గొడుగులు ఎవరికైనా దొరుకుతాయి.

"ఇంకో పుట్ట, ఇంకో పుట్ట, టవలు నిండింది, పంచె ఇప్పి దాన్నీ నింపినా..."

"మరి ఇంటికెట్లా వచ్చినావప్పా?" పాలు కాస్తూ గంగక్క అడిగింది.

"అది కాదక్కా కథ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎదురుగా తెల్లగా షామియానా కనపడింది. ఈ అడివిలో పెండ్లి ఎవురిదప్పా అని దగ్గరికి పోతే, గొడుగు. ఒకటే గొడుగు. కాడను కావలించుకుంటే నా చేతులు అందలే. అంతలో వడగండ్లు మొదలైనాయి, ఈ ఓబుళేసు మంద అంతా ఉరుక్కుంటా వచ్చి దాని కింద దూరింది, ఒక్క గొర్రెపిల్లకు చుక్క నీళ్ళు తగిలింటే అడుగు."

గొర్రెలు కాసే ఓబుళేసు బీడీ ఆర్పినాడు. "ఆ పొద్దు నా మంద దొడ్లోనే ఉండె గదన్నా."

"నువ్వు నిద్రపోయింటావు. అవి వచ్చినాయి."

అందరూ నవ్వినారు. శ్రీరంగప్పకు ఆ నవ్వు కావాల. అది వినపడితే ఆయన ఇంకో మెట్టు ఎక్కుతాడు.

"రంపంతో కోసి ట్రాక్టర్లో తెచ్చినా. అంత గొడుగు ఒక్కపూటలో తింటామా? ముక్కలు చేసి, ఉప్పూ పసుపూ రాసి, దారానికి గుచ్చి ఎండేసినా. దారం చాలక కరెంటు తీగలకు ఏలాడదీసినా. మన ఎండ తెలుసు గదా, మధ్యాన్నానికి షామియానా అంతా ఒరుగులై అగ్గిపెట్టెలో పట్టింది. మళ్ళా ఏడాది వాన ల్యా. పోనీలే కూర చేసుకుందామని ఒక ముక్క తీసకపోయి శింగనమల చెరువులో నానేసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుటుకు గుటుకుమని శబ్దం. చూస్తే చెరువు ల్యా. నీళ్ళన్నీ అది తాగేసింది. చేపలు నా తట్టు చూస్తాండాయి. ఆడోళ్ళు బిందెలతో నా మీదికి వస్తాండారు. ఇంగ ఏం చేద్దును, ఊరి మగోళ్ళందర్నీ పిలిచి ఆ పక్క కొందరు ఈ పక్క కొందరు పట్టుకుని బట్ట పిండినట్టు పిండినాం. చెరువు మళ్ళా నిండి, పొర్లి మరవ పారింది."

"కూరో?" అన్నాడు ఓబుళేసు.

"రుచి పోయింటాదని ముట్టలే."

అప్పుడే చివర బెంచీ మీద నుంచి ఒకాయన లేచి వచ్చినాడు. పేరు చంద్రమోహన్. ధర్మవరంలో టమాటా దించి, లగేజీ ఆటోలో సొంతూరు చిలమత్తూరుకు పోతూ టీకి ఆగినాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా గొడుగులు.

"అన్నా, నవ్వులాటకు చెప్పినా నీకు వీటి సంగతి తెలిసినట్టుండాది. వంక గట్టున కనపడితే పెరుక్కొచ్చినా. ఫోటో పంపితే మా ఇంటామె మసాలా నూరి పెట్టింది, పిల్లోళ్ళు ఎదురుచూస్తాండారు. తెలిసినోళ్ళకు చూపించి తేమన్నింది. తినొచ్చునా?"

అందరూ శ్రీరంగప్ప వైపు చూసినారు. ఆయన ఒక గొడుగు తీసి, కాడ తుంచి, వాసన చూసి, వెలుతురుకు ఎత్తిపట్టినాడు.

"భేషుగ్గా తినొచ్చు. మిగిలితే ఎండబెట్టుకో."

చంద్రమోహన్ దండం పెట్టి కవరు ముడేసుకుని ఆటో వైపు పోయినాడు.

శ్రీరంగప్ప గ్లాసు ఎత్తి, తాగకుండానే మళ్ళా కింద పెట్టినాడు. జన్మలో ఆయన తన చేత్తో గొడుగు పెరికింది లేదు. అన్నీ వాళ్ళమ్మే ఏరేది. ఒక్కోదాన్ని తిరగేసి అడుగు చూసి, కొన్నింటిని దూరంగా పారేసేది. ఏం చూసి పారేసేదో ఈయన ఎప్పుడూ అడగలేదు. కూర అయినాక కంచం ముందర కూర్చునేవాడు, అంతే. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

ఆటో స్టార్టైన చప్పుడు వినపడింది.

గ్లాసు ఒలికినా చూసుకోకుండా ఆయన బురదలోకి దిగి ఉరికినాడు. చెప్పు ఒకటి బురదలోనే ఉండిపోయింది. ఆటో రోడ్డు ఎక్కుతుంటే ముందుకు పోయి అడ్డం నిలబడినాడు.

"ఆపప్పా. వద్దు. పారేయ్. నాకు తెలీదు."

"ఇందాక తినొచ్చంటివే?"

"అంటి. నాకు తెలీదని ఇప్పుడు చెప్తాండా గదా. పిల్లోళ్ళకు పెట్టొద్దు."

చంద్రమోహన్ ఆయన మొహం చూసి, ఇంకో మాట అడక్కుండా కవరు ఇచ్చేసినాడు. శ్రీరంగప్ప దాన్ని తీసకపోయి కంపచెట్ల అవతల కాలవలో కుమ్మరించి, చేతులు కడుక్కుని, ఒంటి చెప్పుతో అంగడికి తిరిగొచ్చినాడు. వెనకాలే ఆటో దిగి చంద్రమోహనూ వచ్చినాడు.

"చెరువు తాగే గొడుగును ఎండబెట్టినావు," అన్నాడు ఓబుళేసు మెల్లిగా, "అరచేతిలో గొడుగు మంచిదో కాదో తెలీదా అన్నా?"

బెంచీలన్నీ నవ్వినాయి. శ్రీరంగప్ప నవ్వలేదు. గంగక్క ఇంకో టీ పోసి ఆయన ముందర పెట్టింది.

"మరి ఆ చెరువు కథ?" చంద్రమోహన్ అడిగినాడు.

"అది వేరేప్పా," అన్నాడు శ్రీరంగప్ప, గ్లాసు అందుకుంటూ. "దాన్ని ఎవురూ పిల్లోళ్ళకు వండిపెట్టేకి ఇంటికి తీసకపోరు గదా."