స్టాఫ్ టికెట్టు

నన్ను దిగమంటారేమిట్రా? టికెట్టు కొనుక్కున్నదాన్ని నేను! ఆ సూపర్‌వైజరు చేతులు నలుపుకుంటూ చెబుతున్నాడు. ఎండ ఎక్కువగా ఉందట, రన్‌వే చిన్నదట, ఆ బుల్లి విమానం ఇంత బరువు లేపలేదట. నీ పెట్టె ఎక్కాలంటే ఒక మనిషి దిగాలట. అందరికంటే ఆఖర్న టికెట్టు కొన్నది నేనేనట. ఎవరైనా దిగుతారా అని అడిగారులే, ఎవరి తొందర వాళ్లది.

నీకు తెలియనిదా? పన్నెండేళ్లు ఈ షెడ్డులోనే సామాన్లు తూచావు. బరువెక్కువైందని ఎంతమందిని దింపావో! వాళ్ల ఉసురే తగిలిందేమో... ఛీ, నా నోట్లో మన్ను పడ. ఏం మాట్లాడుతున్నాను తమ్ముడూ నేను?

"నలభై నిమిషాలే కదక్కా, టీ తాగేలోపు అమ్మ దగ్గరుంటా" అనేవాడివి. ఉన్నావా? నీది స్టాఫ్ టికెట్టాయె. సీటు మిగిలితేనే ఎక్కనిస్తారు. ఎక్కి కూర్చున్నా, బరువెక్కువైతే ముందు దిగాల్సింది నువ్వే. పోనీ బస్సుకి వెళ్లరా అంటే, "పద్నాలుగు గంటలు ఆ కొండలన్నీ ఎవడు తిరుగుతాడక్కా, ఊరికే వచ్చే విమానం ఉండగా" అనేవాడివి. ఆ ఊరికే వచ్చేదాన్ని నమ్ముకుని మూడేళ్లయింది అమ్మ మొహం చూసి.

ఆవిడేమో నువ్వు వస్తానన్నప్పుడల్లా అక్కడి ఎయిర్‌పోర్టు గేటు దగ్గర నిలబడేది. ఆఖరి మనిషి కూడా వెళ్లిపోయాక నాకు ఫోను. "వాణ్ణి మళ్లీ దింపేసినట్టున్నారే" అని నవ్వేది. ఏడవలేక నవ్వడం అంటారే, అదీ.

నిన్న డ్యూటీలో గుండె పట్టుకుని కూలబడ్డావని, మళ్లీ లేవలేదని నీతో పనిచేసేవాళ్లు చెబితే, దొరికిన రైలెక్కి వచ్చిపడ్డాను. అమ్మకి చెప్పలేదురా. ఒంటరి మనిషి, ఫోనులో ఎలా చెప్పను? విమానం దిగగానే పరుగెత్తి, గట్టిగా పట్టుకుని చెబుదామనుకున్నాను. ఇప్పుడు చూడు! నువ్వేమో చక్కగా నలభై నిమిషాల్లో వెళ్లిపోతావు. నేను పెద్ద ఊరు మీదుగా తిరిగి తిరిగి రేపటికి చేరతాను.

"మీరెక్కండమ్మా, ఆయన్ని రేపు పంపుతాం" అన్నారు. నేనే వద్దన్నాను. ఈ ఎండలో నిన్నిక్కడ వదిలేసి ఎలా వెళ్లనురా? జన్మలో ఒక్కసారైనా మా వాణ్ణి దింపకండయ్యా అన్నాను. పాపం, ఆ సూపర్‌వైజరు కూడా కళ్లు తుడుచుకున్నాడు.

అదిగో, ట్రాలీ తెచ్చారు.

ఒక్కమాట ఉందిరా. రాత్రి అమ్మే ఫోను చేసింది, వాడు ఫోనెత్తట్లేదేమే అని. నోటికేదొస్తే అది అనేశాను, రేపు విమానానికి వస్తున్నాడమ్మా అని. ఎంత సంబరపడిందో! "ఈసారి దింపెయ్యరు కదే?" అంది.

"దింపరమ్మా" అన్నాను.

గేటు దగ్గరికి వచ్చేసే ఉంటుంది ఈపాటికి. నేనేం అబద్ధమాడలేదుగా, వస్తున్నావుగా నువ్వు.